పొడిగించి చూడు

…కలవలేదు కాబట్టి సమాంతరం, ఈ పిల్లా అదే రాసింది, ఏడో తరగతి మొత్తం కూడబలుక్కున్నట్టు ఒకటే తప్పు, బొమ్మలో రెండు గీతలు ఒకదానివైపు ఒకటి ఒరుగుతున్నాయని కళ్లెదుటే కనిపిస్తున్నా కాగితం మీద తాకలేదు గనుక ఇంకెప్పటికీ తాకవని తీర్పు చెప్పేశారు, హెప్సిబా టీచర్ ఎర్రపెన్నుతో ముప్ఫయ్యోసారి పొడిగించి చూడు అని రాసి మంగ్లి పేపరు పక్కన పెట్టింది, కింద కుసుమంచి బడికి బదిలీ ఫారం, సంతకం ఒక్కటే తక్కువ, గుమ్మంలోంచి హెడ్‌మిస్ట్రెస్ సరళ మేడం, ఏంది హెప్సిబా, ఇంకా ఆలోచనేనా, నాలుగింటికి పంపాలె, జల్దీ ఇయ్యమ్మా, అవ్ మేడం, ఇస్తున్న, కుసుమంచిలో అక్క ఉంది, పలకరించే మనిషి ఉంటుంది, సారపాక క్వార్టర్‌లో ఏముంది, మిల్లులో నైట్ డ్యూటీ చేసొచ్చి పగలంతా నిద్రపోయే మొగుడు తప్ప, నిన్న అతను డ్యూటీకి వెళ్లేముందు అన్నం పెడుతూ చెప్పింది, కుసుమంచికి పోదామనుకుంటున్న, బెంజమిన్ కంచంలోంచి తలెత్తలేదు, నీ ఇష్టం అన్నాడు, అంతే, కలవలేదు కాబట్టి సమాంతరం.

పెళ్లయి మిల్లు కాలనీలో అడుగుపెట్టిన రోజే అత్త ఆరోగ్యమ్మ చెప్పింది, నైట్ చేసొచ్చి పండుకున్నోన్ని లేపొద్దు బిడ్డా, కాలనీ ఆడవాళ్లందరిదీ అదే కట్టుబాటు, పదకొండేళ్లు తుచ తప్పలేదు తను, సెలవు రోజుల్లో కుక్కర్ విజిలైనా మోగనివ్వకుండా గిన్నెలోనే అన్నం వార్చింది, జ్వరం ముదిరినా ఒక్కతే దవాఖానాకు వెళ్లొచ్చింది, ఒకసారి బెంజమిన్ అన్నాడు, మనిల్లు ఎంత సప్పుడు లేకుండ ఉంటది హెప్సీ, మనిషే లేనట్టుంటది, ఆ మాటకు ఎంత మురిసిపోయింది పిచ్చిది, మెచ్చుకున్నాడనుకుంది, మెచ్చుకునేవాడు అలా గోడవైపు తిరిగి చెబుతాడా.

పెన్ను ఫారం మీదికొచ్చి ఆగింది, ఏడుపొచ్చింది, స్టాఫ్‌రూమ్‌లో ఎవరూ లేకపోవడం మేలైంది, పొడిగించి చూడు అని ఊరందరి పిల్లలకూ రాసింది గానీ గీత దానంతటది పొడుగవుతుందా, ఎవరో ఒకరు స్కేలు పెట్టాలి కదా, లేపొద్దన్నది అత్త, బెంజమిన్ కాదు, నన్ను లేపకు అని అతను ఏనాడూ అనలేదు, పదకొండేళ్లలో ఒక్క మధ్యాహ్నమైనా భుజం మీద చెయ్యేసి, లే, నాకేం తోచట్లేదు అని తను అనలేదు, పడగ్గది తలుపు దగ్గర తన గీతను తనే ఆపేసుకుంది.