శనివారం వచ్చిన ఆకు

నా భార్య కెజాయాను మా ఊరి చర్చి వెలివేసింది. వెలివేయించినవాడు ఆమె అల్లిన టోపీలు అమ్ముకుని మేడ కట్టుకున్నవాడు.

అతని పేరు డీకన్ పెలెగ్. చర్చిలో పెద్ద, ఊళ్లో దుకాణదారు. క్యూబా నుంచి ఓడల్లో వచ్చే తాటాకును మా కొండ పల్లెల్లో ఇంటింటికీ పంచేవాడు. ఆడవాళ్లు దాన్ని సన్నగా చీల్చి టోపీలు అల్లాలి. అవి బోస్టన్ రేవు మీదుగా దక్షిణ రాష్ట్రాలకు, పత్తి చేలల్లో బానిసల నెత్తిమీదికి పోయేవి. కూలి కింద టీ, చక్కెర, మిల్లు గుడ్డ ఇచ్చేవాడు. మిల్లు గుడ్డ వచ్చాక కెజాయా మగ్గం విప్పి అటకెక్కించాం. పని తగ్గుతుందన్నారు అందరూ. తగ్గలేదు. పాలు పితికి, రొట్టె కాల్చి, మా అమ్మ కాళ్లు ఒత్తి, ఆ తర్వాత టోపీ పట్టుకునేది.

"కూర్చుని చేసే పనేగా, దానికేం అలుపు!" అనేది మా అమ్మ.

ఆ వసంతంలో ఒక శనివారం మధ్యాహ్నం పెలెగ్ బండి ఆగింది. ఆకు అప్పటికే తడిపి ఉంది. తడి ఆకును వెంటనే అల్లకపోతే బూజు పట్టి నల్లబడుతుంది. పాడైతే నష్టం అల్లేవాళ్లదే.

"సోమవారం పొద్దున్నే బండి బోస్టన్ వెళ్తుందమ్మా" అన్నాడు పెలెగ్.

"పొద్దు గూకితే మనకు ప్రభువు దినమేగా, పని ముట్టకూడదు కదా, డీకన్ గారూ?"

"అయితే చేతులు గబగబా ఆడించు" అని నవ్వి పోయాడు.

పొద్దు గూకింది. ఆకు మిగిలింది. కెజాయా కొవ్వొత్తి తీసుకుని నేలమాళిగలోకి దిగింది. గాలికంతలోంచి ఆ వెలుగు చూసిన పొరుగింటి జెరూషా ఊరంతా చెప్పింది. చర్చిలో ఫిర్యాదు చేసింది పెలెగే. అందరి ముందూ నిలబడి తప్పు ఒప్పుకోవాలన్నారు.

"రెండు మాటలేగా, అనేసి రా" అన్నాను.

ఆమె నా వైపు తిరిగింది. "నా పెళ్లికి నా దుప్పట్లు నేనే నేసుకున్నాను. ఎవరు చూసినా కెజాయా నేత అనేవాళ్లు. ఇన్నేళ్లు టోపీలు అల్లాను, ఒక్కదానికీ నా పేరు లేదు. దుకాణంలో ఖాతా మీ పేరున. సూది కావాలన్నా మిమ్మల్ని అడిగి రమ్మనేవాడు పెలెగ్. నా పేరుతో ఏం పనని మీరూ అన్నారు. ఈ ఊరికి నా పేరు ఒక్కసారే అవసరమైంది, తప్పు రాసుకోవడానికి. ఆ పేరు మాత్రం నాదే. దాన్ని వాళ్ల కాళ్ల దగ్గర పెట్టను."

ఆదివారం చర్చిలో లేచి నిలబడింది. "అల్లాను. క్షమాపణ అడగను" అని కూర్చుంది. వెలివేశారు, రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు భోజనానికి రానివ్వలేదు. అంగట్లో ఆడవాళ్లు పక్కకు తప్పుకునేవారు. ఆమె మళ్లీ ఆకు ముట్టలేదు. చలికాలంలో ఊపిరితిత్తుల జ్వరం వచ్చి చనిపోయింది.

శవం ఇంట్లో ఉండగానే పాస్టరు, పెలెగ్ వచ్చారు.

"పోయేముందు పశ్చాత్తాపపడిందని ఒక్క మాట చెప్పు, అసహెల్. చర్చి పక్కన మనవాళ్ల మధ్యే పూడ్చిపెడదాం" అన్నాడు పాస్టరు. పెలెగ్ టోపీ తీసి తల వంచాడు.

"పడలేదు" అన్నాను.

మా పొలం గట్టున నేనే గొయ్యి తవ్వాను. ఊరివాళ్లు ఇప్పటికీ ఆ మాట కోసం వస్తూనే ఉన్నారు. ఆమె అనని మాటను ఆమె పేరున నేను అనను. ఈ సంగతి ఇక నా నోట రాదు.