నన్ను మంచం దింపిన చేప

నా పొట్ట కోసి, పేగులోని రాచపుండు తీసేసి, మళ్ళీ కుట్టారు. అంత జరిగినా ఈ చెంచురామయ్య నోట ‘అమ్మా’ అన్న మాట రాలేదు. కావాలంటే మా ఊరు విడవలూరులో ఎవరినైనా అడగండి. అందరికీ నేనే చెప్పాను.

చైనాతో యుద్ధం వచ్చిన ఏడాది అది. నెల్లూరు ఆసుపత్రిలో నాకు మత్తు దిగగానే కరుణాకుమారి అనే నర్సమ్మ నొప్పి తగ్గే సూది పట్టుకొని వచ్చింది.

“సూదులు ఆడోళ్ళకు వెయ్యమ్మా. నేను సముద్రం మీద తిరిగినోణ్ణి,” అన్నాను.

ఆమె నవ్వి వెళ్ళిపోయింది. ఆ తర్వాత నేను మీసం కూడా కదల్చలేదు. కదిలిస్తే కుట్లలో నిప్పులు పోసినట్టుండేది. మర్నాడు లేచి నడవమంటే నిద్ర నటించాను.

“చెంచురామయ్యగారూ, ఇట్టా మంచానికి అతుక్కుంటే కాళ్ళలో నెత్తురు గడ్డకడతాది. ఆ గడ్డ ఊపిరితిత్తుల్లోకి పోయిందంటే ప్రాణానికే ముప్పు. సూది వేయించుకొని నాలుగడుగులు వెయ్యండి,” అంది నర్సమ్మ.

నా భార్య ఆదిశేషమ్మ ముఖం పాలిపోయింది. “రాచపుండు నుంచి బతికొచ్చి, పౌరుషానికి సస్తావా ఏందయ్యా?” అంది. నేను కళ్ళు తెరవలేదు. ఆమె విసురుగా బయటికి వెళ్ళింది.

కాసేపటికి వరండాలో మా బావ హజరత్తయ్య గొంతు వినబడింది. ఆదిశేషమ్మకు అన్న. ఉప్పు లేని గంజిలా మాట్లాడే మనిషి. నలుగురిని పోగేసి, నేను పట్టిన చేప కథ చెబుతున్నాడు!

“మా బావ వల లాగినాడు. చేప పడింది. మూరెడుంటాది. ఇంటికి తెచ్చినాడు. పులుసు పెట్టినారు.”

మూరెడా! తాటిచెట్టంత చేప! నా పడవను కృష్ణపట్నం దాకా ఈడ్చుకుపోయిన చేప!

“బావా, నోరు ముయ్!” అంటూ లేవబోయాను. కుట్లు కలుక్కుమన్నాయి. “అమ్మా! అమ్మో! సచ్చినాన్రో!” అని కేక పెట్టాను. మొదట్లో నేనేదో అన్నాను చూడండీ, అది కొట్టేయండి.

గుమ్మంలో కరుణమ్మ సూదితో సిద్ధంగా ఉంది. “ఆడోళ్ళ సూదేనండీ. వేసేదా?”

“ఎయ్యి తల్లీ! రెండెయ్యి!”

“ఒకటి చాలు.”

ఆమె వెనక ఆదిశేషమ్మ పైట నోటికి అడ్డం పెట్టుకొని నవ్వుతోంది. అప్పుడు తెలిసింది, ఆ వల ఎవరు వేసిందో.

నొప్పి కాస్త సద్దుమణిగాక ఇద్దరూ చెరో రెక్క పట్టుకొని లేపారు. వరండా దాకా నడిచి, చేపను తాటిచెట్టంత చేసి వచ్చాను. సాయంత్రానికి బావ దాన్ని మళ్ళీ మూరెడు చేశాడు. మళ్ళీ నడిచాను. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ ఇదే తంతు. నా నెత్తురుకు గడ్డకట్టే తీరికే దొరకలేదు.

ఇంటికి వచ్చేనాడు ఆదిశేషమ్మ నా పిక్కలు రెండూ తడిమి చూసి, “ఇంక నీ చేప ఎంతన్నా ఉండనీ,” అంది.

ఇందులో అంతా నిజమే, చేప కొలత తప్ప. అది మూరెడు కూడా లేదు, జానెడు. నా పరువు కోసం మూరెడన్నాడు మా బావ.