ఊపిరి సంచి

ఆ ఆసుపత్రిలో చిన్న నర్సులు పెద్ద సిస్టర్‌కి పెట్టిన పేరు బండరాయి. ఇక లాభం లేదని డాక్టర్లు తేల్చేసి, ఇంటివాళ్లు సరేనన్నాక, శ్వాస యంత్రం ఆపే పని ఒకటి ఉంటుంది. దాన్నుంచి అందరూ తప్పించుకు తిరుగుతారు. ఒకరికి ఉన్నట్టుండి తలనొప్పి వస్తుంది, ఇంకొకరికి స్టోర్ గదిలో పని గుర్తొస్తుంది. పెద్ద సిస్టర్ మాత్రం ఎవరూ అడక్కముందే లేచి వెళ్తుంది. మీట నొక్కి వచ్చి మామూలుగా టీ తాగుతుంది. బండరాయి కాక మరేమిటి?

ఆమె ఆ పేరు విననట్టే ఉంటుంది. మీట దగ్గరికి వెళ్లినప్పుడల్లా ఆమెకు గుర్తొచ్చేది చదువుకునే రోజుల్లో చూసిన ఒక పేద దేశం.

నర్సింగ్ చివరి ఏడాదిలో టీచరమ్మ క్లాసు మొత్తాన్నీ అక్కడికి తీసుకెళ్లింది. లోకం చూస్తే బుద్ధి వస్తుందని ఆవిడ నమ్మకం. అక్కడి ఆసుపత్రిలో మంచానికి ఇద్దరేసి రోగులు. ఉన్న ఒక్క శ్వాస యంత్రమూ చెడిపోయి, దుప్పటి కప్పుకుని మూల నిలబడింది. అందుకని ఊపిరి తీసుకోలేనివాళ్లకు గొంతులోకి గొట్టం దించి, దాని చివర రబ్బరు సంచి తగిలించేవారు. ఇంటివాళ్లు వంతులు వేసుకుని దాన్ని పిసుకుతూ ఉండాలి. పిసికినంతసేపే ప్రాణం.

కిటికీ పక్క మంచం మీద పరంజా మీంచి పడ్డ తాపీమేస్త్రీ. భార్య, ఇద్దరు కొడుకులు, కూతురు ఆయనకు ఊపిరి పోస్తున్నారు. అందరి వేళ్లూ వాచిపోయి ఉన్నాయి. క్లాసువాళ్లు తిరుగు ప్రయాణమయ్యే రోజు మేస్త్రీ పెద్దకొడుకు ఈమెను సైగ చేసి పిలిచి, సంచి చేతిలో పెట్టి, మిగతావాళ్లతో బయటికి వెళ్లాడు. పాపం, నాలుగు మెతుకులు తినడానికి వెళ్లారనుకుంది. ఎంతసేపటికీ రాలేదు. తల తిప్పి చూస్తే, వరండా బల్ల మీద నలుగురూ ఇటు వీపు పెట్టి కూర్చుని ఉన్నారు. ఎవరూ ఏమీ తినడం లేదు.

నేల తుడుస్తున్న ఆయా ఒకప్పుడు ఈ నర్సుల దేశంలో ఇళ్లలో పనిచేసింది, భాష వచ్చు.

"వాళ్లు రారమ్మా," అంది మెల్లగా. "ఈయన ఇక లేవడని డాక్టరు నిన్ననే చెప్పేశాడు. వాళ్లలో ఎవరు ఆపినా, మిగతావాళ్ల ముందు జన్మలో తలెత్తుకోలేరు. నువ్వు పరాయిదానివి. బస్సెక్కి పోతావు. నీ చేతిలో పోతే ఎవరి మీదా మాట ఉండదు."

ఆమెకు తనను ఇలా ఇరికించినందుకు వాళ్ల మీద మండిపడాలనిపించింది, ఆ వీపులు చూస్తే ఏడుపొచ్చింది. ఆపేద్దామనే అనుకుంది. చేతులు మాట వినలేదు, పిసుకుతూనే ఉన్నాయి.

ఇంతలో బస్సు హారన్ మోగింది. అసలే ముక్కు మీద కోపం ఉన్న టీచరమ్మ వెతుక్కుంటూ వచ్చింది. కన్నతండ్రిని పరాయి పిల్లకు అప్పజెప్పి గాలికి కూర్చుంటారా అని అందరినీ దులిపేసింది. పెద్దకొడుకు రెక్క పట్టుకుని లాక్కొచ్చి, సంచి అతని చేతిలో పెట్టింది. సంగతి చెబుదామంటే ఈమెకు నోరు పెగల్లేదు. అతను పిసకడం మొదలుపెట్టాడు.

బస్సు కిటికీలోంచి ఆ మంచం కనిపించింది. తల్లి, తమ్ముడు, చెల్లెలు లోపలికి వచ్చి చుట్టూ నిలబడ్డారు. ముగ్గురూ చూస్తున్నది మేస్త్రీని కాదు, పెద్దకొడుకు చేతిని. టీచరమ్మ దారి పొడవునా బాధ్యత గురించి చెబుతూనే ఉంది.

మొన్న ఒక పెద్దాయన యంత్రం ఆపే వేళకు, ఆయన కొడుకు ముందుకొచ్చాడు. కన్నకొడుకుని, నేనే నొక్కుతానన్నాడు. గుమ్మంలో అతని తల్లీ చెల్లెలూ నిలబడి అతని చేతికేసే చూస్తున్నారు.

పెద్ద సిస్టర్ అతని వేళ్లను మీట మీంచి తీసేసింది.

"వద్దు బాబూ. వాళ్లను తీసుకెళ్లి బయట కూర్చో. ఇటు చూడకండి. నేను పరాయిదాన్ని."