అడుగున మిగిల్చిన మందు

నేను ఒక మందు కొట్టే పంపును. పదహారు లీటర్ల నీలం డబ్బా, వీపున తగిలించుకునే రెండు పట్టీలు, ఎడమచేత్తో ఆడించే పిడి. నన్ను పురుగుల్ని చంపడానికే చేశారు. అయినా నా అదృష్టం బాగుండి బాలమణి చేతిలో పడ్డాను. ఆమె నాలో వేప కషాయం తప్ప మరొకటి పోయలేదు. ఆ వాసనకు జనం ముక్కు మూసుకునేవారు. నాకు మాత్రం గర్వంగా ఉండేది.

ఆమెది ఎకరం మిరప. మందుల్లేకుండా మూడేళ్లు పండిస్తే సేంద్రియ పంట అని కాగితం ఇస్తారు. అది మూడో ఏడు. పక్కనే రాజలింగం పత్తిచేను. అక్కడ వారం వారం మందు కొట్టాల్సిందే. ఆ మందుగాలి సోకకుండా బాలమణి గట్టు పొడవునా ఆరు సాళ్లు జొన్న వేసింది. వాననీరు రాకుండా కాలువ తవ్వింది. కర్రకు గుడ్డపీలిక కట్టి గాలివాటం చూసేది. పీలిక తనవైపు ఊగితే “ఇయ్యాల వద్దు తమ్మీ” అని కేకేసేది. రాజలింగం చెడ్డవాడు కాదు, పంపు దించేసేవాడు.

ఒకనాడు అతని పంపు విరిగింది.

“అక్కా, ఒక్క పూటకు నీ పంపు ఇయ్యవా?”

గాలికీ నీళ్లకీ అడ్డం కట్టిన మనిషి అడిగిన నోటిమాటకు అడ్డం కట్టలేకపోయింది. “మంచిగ కడిగియ్యి” అని మాత్రం అంది.

కడిగాడు, పైపైన. ఆమె లేని వేళ నన్ను తెచ్చి గడపలో పెట్టి వెళ్లాడు. బాలమణి తళతళలాడుతున్న నన్ను చూసి మురిసిపోయి, మర్నాడు కషాయం పోసి చేనంతా కొట్టింది. నా అడుగున గ్లాసెడు మందు ఉందని నాకు తెలుసు. నోరుంటే అరిచేదాన్ని. నాకున్నది గొట్టమే, దాంతోనే చివరి మొక్కదాకా చల్లాను.

పరీక్షకు పంపిన కాయల్లో మందు తేలింది. మళ్లీ మొదటి ఏడు నుంచి రావాలన్నారు. బాలమణి గట్టుమీదికెళ్లి రాజలింగాన్ని నిలదీసింది.

“గాలి జూసే కొట్టిన అక్కా, నా బిడ్డ తోడు. నీ పంపు గూడ వట్టిగ తిరిగియ్యలే. అడిగి తెచ్చింది వట్టిగియ్యద్దని మా అవ్వ చెప్పేది. నీ మిరపకు పనికొస్తదని అడుగున మంచి మందు ఉంచిన.”

ఏమని తిడుతుంది? తెచ్చుకున్న గిన్నెలో నాలుగు చింతకాయలైనా వేసి పంపే మనిషే తనూ. గట్టుమీదే కూలబడి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

మర్నాడు నన్ను మోసుకెళ్లి అతనికే ఇచ్చేసింది. నా మూతి దగ్గర చిన్న మూట కట్టి ఉంది.

“వట్టిగియ్యద్దు గదా. జొన్నలు. నీ దిక్కు గట్టెంట గూడ ఆరు సాళ్లు వెయ్యి తమ్మీ.”

వేశాడు. నాలో ఇప్పుడు వారం వారం పత్తిమందే పోస్తున్నాడు. ఇప్పుడు గట్టుకు రెండు వైపులా జొన్న తలెత్తి నిలబడింది. అవతల బాలమణి కొత్త పంపుతో మొదటి ఏడు మొదలుపెట్టింది. గాలి అటునుంచి వచ్చినప్పుడు ఆ కషాయం వాసన నాదాకా వస్తుంది. ఇటునుంచి వీచినప్పుడు రాజలింగం నన్ను దించేస్తాడు. ఆ పన్నెండు సాళ్లూ నన్ను ఆపడానికే.