మిరప కల్లంలో అడవిపిల్లి

ధన్‌సింగ్ హైదరాబాద్‌లో ఒక యానిమేషన్ ఆఫీసులో బొమ్మలు గీసేవాడు. 2006 మొదట్లో అతనికి సొంతంగా మూడు నిమిషాల సినిమా చేసే అవకాశం వచ్చింది. మాటలుండవు. అడవిపిల్లి కోడిని తరుముతుంది, ప్రతిసారీ బోల్తాపడుతుంది, చూసేవాళ్లు నవ్వాలి. నెలరోజులు గీసి టీమ్ లీడర్ ఉషారాణికి చూపించాడు.

"పిల్లి పరిగెడుతోంది, కోడి పరిగెడుతోంది. మరి నవ్వెక్కడ ధన్‌సింగ్?" అందామె. ఆమె గొంతులో కోపం లేదు. అందుకే అతనికి ఇంకా కష్టమనిపించింది.

నాలుగు రోజులు సెలవు పెట్టి జూలూరుపాడు దగ్గర తమ తండాకు వచ్చాడు. మిర్చి కోతలు నడుస్తున్నాయి. తల్లి కమ్లి, తండ్రి తుల్సీరాం పగలంతా కల్లంలోనే ఉంటున్నారు.

రెండోరోజు పొద్దున్నే కంచె సందులోంచి నిజంగానే ఒక అడవిపిల్లి దూకింది. కమ్లి పెంచుకునే బోడిమెడ పెట్ట కెవ్వుమని అరిచి ఎండుమిర్చి రాశి మీదికి ఎగిరింది. పిల్లి దాని వెనకే దూకింది. రాశి జారి, పిల్లి నడుందాకా కూరుకుపోయింది. ఆపైన తుమ్మింది. తుమ్మినప్పుడల్లా ఇంకాస్త కిందికి జారింది. పెట్ట పైనుంచి మెడ వంచి చూస్తూ నిలబడింది.

తుల్సీరాం కర్రెత్తి ఉరికి, కాయల మీద కాలు జారి, సరిగ్గా పిల్లి పక్కనే కూలబడ్డాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని ఒకేసారి తుమ్మారు.

"ఒరే, దాన్ని కొట్టురా, జల్దీ!" కమ్లి అరిచింది.

ధన్‌సింగ్ అప్పటికే పురుగుమందు డబ్బాల అట్ట ఒకటి చింపి, దాని మీద గబగబా గీస్తున్నాడు.

"కోడి పోతుంటే బొమ్మలేస్తున్నవేందిరా!"

"యాడీ, ఒక్క నిమిషం. అది మళ్ల తుమ్ముతది చూడు," అన్నాడు తల్లితో.

అన్నట్టే తుమ్మి, పిల్లి గింజుకుని రాశిలోంచి బయటపడి కంచె సందులోంచి పారిపోయింది.

మే నెలలో, ఆ అట్ట మీది గీతలతో మళ్లీ చేసిన సినిమా సీడీని తండాకు తెచ్చి ఇంట్లో టీవీలో వేశాడు. ఇరుగుపొరుగంతా వచ్చారు. బొమ్మలోని ముసలాయన రాశిలో కూలబడగానే పక్కింటి రూప్‌సింగ్, "అరె, గిది మన తుల్సీరామే!" అని పొట్ట పట్టుకుని నవ్వాడు. తుల్సీరాం కాసేపు మూతి ముడుచుకుని, "మీసం మంచిగనే పెట్టిండు" అన్నాడు.

అయిపోయాక కమ్లి ఒక్కతే నవ్వలేదు. "మరి పిల్లి ఏం తిన్నదిరా?"

"ఏం తినలే. గక్కడికి అయిపోయింది."

"గట్లెట్ల అయిపోతది? ఆకలై కద వచ్చింది పాపం."

"ఆనాడు నువ్వే కద కొట్టమన్నవ్!"

"నా కోడి మీద పడితే కొట్టనా? అయితే మాత్రం దానికి ఆకలి కాదా?"

హైదరాబాద్ తిరిగి వెళ్లే బస్సులో దారి పొడుగునా ధన్‌సింగ్ మనసులో ఆ మాటే మెదిలింది. ఉషారాణిని అడిగి సినిమాకు మరో రెండు రోజులు గడువు తీసుకున్నాడు. చివర్లో పొలం గట్టు గీశాడు. దాని మీద పిల్లి ఎలుకను నోట కరుచుకుని, తోక ఎత్తుకుని, తీరిగ్గా నడిచిపోతుంది. అందులో నవ్వొచ్చేదేమీ లేదు. ఉషారాణి రెండుసార్లు చూసి, "ఇది ఉండనీ" అంది.

కొత్త సీడీ చూసి కమ్లి తల ఊపింది. "అవ్, గిప్పుడు మంచిగుంది."

తుల్సీరాం మాత్రం తాను పడే చోటికి మళ్లీ తిప్పమన్నాడు. ఆ సాయంత్రం ఆయన మరో నాలుగుసార్లు పడ్డాడు.