సత్తెమ్మ గడప

గోదారికి వరద ఎర్రనీళ్లు తగలగానే, ఏటి మధ్య లంకలో సత్తెమ్మకి పని మొదలయ్యేది. బియ్యం మూట అటకెక్కించి, పొయ్యి మంచమెక్కించి, పసుపు కుంకుమ గిన్నె పట్టుకుని గుమ్మంలో కూర్చునేది. వరద పెరట్లోకొచ్చి, మెట్లెక్కి, గడప దాకా రాగానే, "చాల్లే తల్లీ, ఇంక ఆగు" అనేది. గోదారి ఆగేది. పసుపు కుంకుమ పుచ్చుకుని, వచ్చిన దారినే వెళ్లిపోయేది. లంకకి ఎగువన మొదటి ఇల్లు సత్తెమ్మది. అక్కడ ఆగిన నీరు ఇంకెవరింట్లోకీ వెళ్లేది కాదు.

అందుకే ఆ ఊళ్లో వరదంటే ఎవరికీ లెక్కలేదు. పక్క లంకల వాళ్లు గేదెల్ని తోలుకుని ఏటిగట్టెక్కుతుంటే, వీళ్లు అరుగుల మీద పేకముక్కలు కలుపుకునేవారు. టీవీలో మూడో ప్రమాద హెచ్చరిక అని గొంతు చించుకుంటుంటే, "అది మనకి కాదులే" అని సీరియల్ పెట్టుకునేవారు.

ఆ శ్రావణంలో సత్తెమ్మ కోడలు మమతకి నెలలు నిండాయి. కొడుకు హేమంత్ కువైట్‌లో ఉన్నాడు. బిడ్డ అడ్డం తిరిగిందనీ, నొప్పులు రాకముందే కొత్తపేట ఆసుపత్రిలో చేరాలనీ డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఈలోగా గోదారి పోటెత్తింది.

పడవ నడిపే దొరబాబు మెట్ల దాకా వచ్చాడు. "ఎక్కండమ్మా. ఇంకాస్త ఉరవడి పెరిగితే పడవ దాటదండి."

"వరద తీశాక వెళ్దాం లెండి అత్తయ్యగారూ," అంది మమత, కదలకుండా. "మీరుండగా నీళ్లు మన గడప దాటవు కదండీ."

"ఆయ్, అదీ నిజమేనండి," అని దొరబాబు కూడా తెడ్డు పక్కన పెట్టేసి, బీడీ వెలిగించాడు.

సత్తెమ్మ చేతిలోని పసుపు కుంకుమ గిన్నె కింద పెట్టేసింది. ఇన్నేళ్లూ నీళ్లని ఆపుతున్నానని మురిసిపోయింది గాని, మనుషులకి రావలసిన భయాన్ని కూడా తనే ఆపేసిందని అప్పుడు తెలిసొచ్చింది.

నీళ్లు మెట్లెక్కాయి. సత్తెమ్మ లేచి, ఒక పక్కకి జరిగి, చేతులు జోడించింది.

"లోపలికి రా తల్లీ," అంది.

మొదటిసారి పిలుపందుకున్న చుట్టంలా గోదారి కాస్త తటపటాయించింది. తర్వాత గడప దాటింది. పాదాలు తడవగానే మమత, "నీళ్లు గడప దాటేశాయి!" అని కెవ్వుమంది. ఆ కేక విని ఊరు ఊరంతా పిల్లల్ని చంకనేసుకుని పడవల దగ్గరికి పరిగెత్తింది. అందరూ ఎక్కాక సత్తెమ్మ ఎక్కింది. పిలిచి రమ్మన్నదాన్ని మళ్లీ పొమ్మనడం కుదరదని ఆవిడకి తెలుసు. తెలిసే పిలిచింది. అంత గుండె ఎంతమందికుంటుంది!

ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి బిడ్డని తీశారు. ఇద్దరూ క్షేమం. హేమంత్ వీడియో కాల్ చేశాడు.

"అమ్మా, పెద్ద వరదంట కదా. మన ఇల్లెలా ఉంది?"

"కొట్టుకుపోయిందిరా," అంది సత్తెమ్మ. "నేనే రమ్మన్నాను."

కొడుకు ఇంకో మాట అడిగేలోగా, ఫోను మనవరాలి వైపు తిప్పింది.