గోడ మీదుగా తీగ

అన్నదమ్ముల పంపకాలకు వచ్చిన పెద్దమనుషులు పిల్లుల తగువు తీర్చిన కోతికేం తీసిపోలేదు. తండ్రి మస్కట్ నుంచి మోసుకొచ్చిన స్టీరియో సెట్టునైనా వదల్లేదు. క్యాసెట్లు ఆడే మిషనూ ఆంప్లిఫయరూ పెద్దవాడు త్రిమూర్తులుకి, నిలువెత్తు స్పీకరు పెట్టెలు రెండూ చిన్నవాడు గంగబాబుకి. ఇద్దరికీ సమానమేనట! అక్కడ క్యాసెట్టు తిరిగినా పాట వినపడదు, ఇక్కడ పెట్టెలు తడిబట్టలు ఆరేసుకోవడానికి తప్ప పనికిరావు. ఇంటి నడిమధ్య గోడ లేచింది. అటువాళ్లతో మాట కలిపితే ఊరుకునేది లేదని అన్నదమ్ములిద్దరూ ఎవరి పెళ్లానికి వాళ్లు గట్టిగా చెప్పారు.

గంగబాబు భార్య లక్ష్మీతులసికి ఒళ్లు మండిపోయింది. కొబ్బరితోట గట్టు కోసం వీళ్లు కొట్టుకు చస్తే మధ్యన ఆడవాళ్లేం చేశారు? తోడికోడలు భవానీదేవి ఆమెకు సొంత అక్క కన్నా ఎక్కువ. ఆ సెట్టులో పాటలు వింటూనే ఇద్దరూ ఒకే పొయ్యి మీద ఇన్నేళ్లూ వండారు. ఇప్పుడు గోడ అవతల నుంచి దగ్గయినా వినిపించడం లేదు. భవానీదేవికి మొగుడంటే హడలు. ఎన్నిసార్లు పిలిచినా పలకలేదు. ఆ గొంతు వినక తులసికి అన్నం సయించడం మానేసింది.

తులసి రాజోలులో మైకుసెట్లు అద్దెకిచ్చే ఆయన కూతురు. అత్తవారింట అది ఎప్పుడూ ఎత్తిపొడుపు మాటే. అవతలి మిషన్నీ ఇవతలి పెట్టెల్నీ కలపడానికి ఒకరోజు ఆ పుట్టింటి విద్యే పనికొచ్చింది. మొదట సీరియల్ బల్బుల తీగ లాగుదామనుకుంది. కానీ దూరం పోయేకొద్దీ తీగ లావుండాలనీ, సన్నతీగలో పాట నీరసించిపోతుందనీ నాన్న చెప్పేవాడు. తోటలో పాత మోటారు నుంచి ఊడదీసిన తీగ తెచ్చింది. పట్టపగలు, వీధిలో వాళ్లంతా చూస్తుండగా, ఒక కొస వరండాలో పెట్టెలకు బిగించి, చూరు వెంబడి మేకులు కొట్టుకుంటూ గోడదాకా లాగి, రెండో కొసకు ఎండు కొబ్బరికాయ కట్టి అవతలికి జార్చింది.

"అక్కా! ఎర్రదారం కట్టిన కొసలు ఆంప్లిఫయరు వెనకాల ఎర్రవాటికి పెట్టు. మిగతావి నల్లవాటికి!"

చాలాసేపటికి తీగ మెల్లగా అటు కదిలింది.

ఆ తర్వాత వరండాలో పెట్టెలు ఒక్కసారిగా గొంతు విప్పాయి. పాత సినిమా పాట, వీధి చివరిదాకా వినపడింది. తులసికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

గోడ అవతల త్రిమూర్తులు గయ్యిమన్నాడు. "ఎవరు పెట్టమన్నారే నిన్ను? ఆపు!"

భవానీదేవి పాట ఆపలేదు.

ఇవతల గంగబాబు తీగ కోయడానికి కటింగ్ ప్లయరు పట్టుకుని వచ్చాడు. "ఊళ్లో పరువు తీసేత్తన్నావు కదే! పక్కకి జరుగు."

"జరగనండి. మిషను వాళ్లది, పెట్టెలు మనవి. పెద్దలు పంచింది పంచినట్టే ఉంది. మధ్యలో తీగ నాది."

"మాట్టాడకూడదని ఒట్టేసుకున్నాం!"

"మీరేసుకున్నారండి. మమ్మల్నెవరడిగేరు? కోసుకోండి. కోసిన కాడల్లా ముడేత్తాను."

గంగబాబు కోసేశాడు. పాట ఠక్కున ఆగింది. కటింగ్ ప్లయరు చేతిలో పట్టుకుని నిలబడ్డాడే గాని, గెలిచినవాడిలా లేడు.

అప్పుడు గోడ అవతల నుంచి, మొగుడి అరుపులను దాటుకుని, భవానీదేవి గొంతు ఖంగున వినపడింది.

"తులసీ! తీగ తెగిందేంటే?"

తులసి తెగిన కొసలు రెండూ చేతుల్లోకి తీసుకుని, మొగుడి మొహంలోకి చూస్తూనే అరిచింది.

"తెగిందక్కా! మిషను ఆపెయ్, ముడేత్తాను!"

"ఆపేసేనే. నిదానంగా వెయ్. నేనిక్కడే ఉంటాను!"